కిటికీకి ఆనించిన పాదాలు

పేన్యా నెగ్రా,
మార్చి 12, 1996

లిహియా వదినకి,

ఈ ఉత్తరం పోస్టులో కాదు, తెలెస్ఫోరో పాల లారీలో వస్తోంది. ఊళ్లో ఉన్న ఒక్క ఫోన్ బూత్ పాడై ఏడాది దాటింది. వారానికి రెండుసార్లు కొండ దిగి మీ బుకారమాంగా పట్నానికి వచ్చేది అతనొక్కడే కాబట్టి మాకు ఫోనూ పోస్టూ అన్నీ అతనే. "ఉత్తరం ఇస్తే మీ వదిన కాఫీ ఇస్తుందా, మంచినీళ్లిచ్చి పంపేస్తుందా?" అని అడిగాడు. కాఫీయే ఇస్తుందని మాటిచ్చాను. నా పరువు నిలబెట్టండి.

క్రిస్మస్‌కి తప్ప రాయనిదాన్ని మార్చిలో రాస్తున్నానంటే ఏదో పని పడిందని మీకు అర్థమయ్యే ఉంటుంది. పడింది. ఆరోగ్య శాఖ నుంచి కాగితం వచ్చింది. మోటార్‌సైకిల్ మీద కొండ ఇళ్లకు తిరిగి టీకాలు వేసేవాళ్లందరూ జూలై ఒకటో తేదీన సొకోర్రోలో తనిఖీకి రావాలట. కాళ్లకి బండి నడిపేవాళ్లు వేసుకునే అసలైన బూట్లు ఉండాలట. చీలమండకి రక్షణ, వేళ్ల మీద గట్టి కప్పు. అవి లేనివాళ్లని రూటు నుంచి తీసేసి ఆఫీసులో రిజిస్టర్లు రాయడానికి కూర్చోబెడతారట.

పదకొండేళ్లుగా నేను రబ్బరు బూట్లతోనే నడుపుతున్నాను. ఇక్కడ పాలు పితికేవాళ్లూ, చర్చి ఫాదరూ, నేనూ, అందరం అవే. వానకి అంతకన్నా మంచివి లేవు. కానీ అవి బూట్లే కావని ఆ కాగితం అంటోంది.

మీ ఇల్లు చెప్పులు కుట్టేవాళ్ల పేటలోనే ఉంది. అదీగాక, బంగాళాదుంప కొన్నా నాలుగువైపులా తిప్పి చూసి గానీ మీరు సంచీలో వెయ్యరని అన్నయ్య నవ్వుతుండేవాడు. అందుకని నాకు బూట్లు చూసిపెట్టే పని మీకే అప్పజెబుతున్నాను.

అడగకూడని మనిషినే అడుగుతున్నానని తెలుసు. అన్నయ్య పోయాక ఈ అయిదేళ్లలో మీ ఇంట్లో మోటార్‌సైకిల్ అన్న మాటే వినబడలేదనీ తెలుసు. కానీ వదినా, అడగడానికి నాకు ఇంకెవరున్నారు?

ఇక్కడ అంతా బాగానే ఉంది.

మీ
ఎర్సీలియా


బుకారమాంగా,
మార్చి 26

ఎర్సీలియా,

తెలెస్ఫోరోకి కాఫీ ఇచ్చాను. రెండు మొక్కజొన్న అరేపాలు కూడా కాల్చి పెట్టాను. మూడోదానికి ప్లేటు ముందుకు జరిపాడు గానీ నేను చూడనట్టు ఊరుకున్నాను.

నీ ఉత్తరాన్ని రెండు రోజులు చక్కెర డబ్బా కింద పెట్టాను. మూడో రోజు నోటుబుక్కు తీసుకుని బజారుకి వెళ్లాను. బండి ఎక్కొద్దని చెప్పే హక్కు నాకుందో లేదో తెలియదు. నువ్వడిగింది బూట్ల గురించి కాబట్టి బూట్ల గురించే రాస్తాను.

తొమ్మిది దుకాణాలు తిరిగాను. ప్రతి బూటునీ తడిగుడ్డ పిండినట్టు రెండు చేతులతో మెలితిప్పి చూశాను. మెలితిరిగిపోయిందంటే బండి మీద పడ్డప్పుడు లోపలి పాదం కూడా అలాగే మెలితిరుగుతుంది. చీలమండ దగ్గర రెండువైపులా బొటనవేళ్లతో నొక్కాను. అయిదింటిలో అట్టముక్క ఉంది, రెండింటిలో అదీ లేదు. లేసులున్నవాటిని ముట్టుకోలేదు. వదులైన లేసు గేరు రాడ్‌కి చుట్టుకుంటే బండి ఆపినా నేల మీద కాలు పెట్టలేవు. వేళ్ల దగ్గర మరీ ఎత్తుగా ఉన్నా లాభం లేదు, గేరు రాడ్ కింద దూరదు. నీ నడకకి బాగుంటుందని లోతైన గాట్లున్న అడుగు చూపించాడొకడు. ఆ గాట్లు ఫుట్‌రెస్ట్‌కి పట్టేస్తే కాలు సమయానికి ఊడిరాదని నేనే వాడికి చెప్పాల్సి వచ్చింది.

ఏడో దుకాణంవాడు విసిగిపోయి, "సెన్యోరా, మీరు బూట్లు కొంటున్నారా, అల్లుణ్ణి ఎంచుకుంటున్నారా?" అన్నాడు.

"అల్లుడు నచ్చకపోతే వెనక్కి పంపొచ్చు. విరిగిన చీలమండని ఎవరికి వెనక్కివ్వను?" అన్నాను.

అన్నీ బాగున్నవి ఒక్క జత దొరికాయి. అవి మగవాళ్లవి. నీ మడమ వాటిలో డబ్బాలో గరిటెలా ఆడుతుంది. అందుకని మూల మీద దోన్ ఎవారిస్తో దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్లుగా బూట్లు కుడుతున్న మనిషి. అన్నిటికీ ఒప్పుకున్నాడు గానీ ఒక్కదానికి మొండికేశాడు. బూటు పైనుంచి వేళ్లదాకా మొత్తం తెరుచుకోవాలన్నాను. "అది బూటెందుకవుతుంది? కిటికీ అవుతుంది. నీళ్లు రావూ?" అన్నాడు. "నీళ్లు ఆపడం మీ పని. కాలు బయటికి తీయడం నా పని" అన్నాను. చివరికి లోపల మడతపెట్టిన తోలు వేసి, పైన మూడు బకిల్స్ పెడతానన్నాడు.

ఎందుకంత పట్టుబట్టానో నీకు చెప్పాలి. మీ అన్నయ్య కోకో గింజలు కొనడానికి వెళ్లి పడింది మంగళవారం. బండి కాలి మీద పడింది. రబ్బరు బూటు లోపల పాదం వాచిపోయి బూటు రాలేదు. రాకపోతే ఏంలే అని రెండు రోజులు అలాగే తిరిగాడు. బుధవారం నాకు ఫోన్ చేసి "అంతా బాగానే ఉంది" అన్నాడు. గురువారం ఆసుపత్రిలో బూటుని కత్తెరతో కోశారు. అప్పటికే పాదం నల్లబడి విషం పైకి పాకింది. ఆదివారానికి మనిషి లేడు. పడిపోయాడన్నది అందరికీ చెప్పాను. బూటు రాలేదన్నది ఎవరికీ చెప్పలేదు.

నీ పాదాల గీతలు కావాలి. బండి మీద వేసుకునే మందం మేజోళ్లు తొడుక్కో. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బాక, కాగితం మీద రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసి నిలబడు. పెన్సిల్ నిటారుగా ఉండాలి. వేరే మనిషి గీయాలి. మనకి మనమే వంగి గీస్తే బరువు ఒకవైపు పడి పాదం ఆకారం మారిపోతుందని, అలాంటి గీతతో తను కుట్టనని దోన్ ఎవారిస్తో చెప్పాడు.

లిహియా


పేన్యా నెగ్రా,
ఏప్రిల్ 11

వదినా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అన్నయ్య గురించి రాసిన చోట ఒక్కసారే చదివాను.

పాదాల గీతలు పెట్టాను, విడివిడిగా రెండు కాగితాలు. కుడి, ఎడమ అని రాశాను. బడి టీచరమ్మ ఫ్లోరాల్బా గీసింది. నాకు చక్కిలిగింతలు పుడుతున్నాయంటే, "కదలకు, లేకపోతే ఆరు వేళ్లు గీస్తాను" అని బెదిరించింది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. మందం మేజోళ్లే తొడుక్కున్నాను, సాయంత్రమే, పెన్సిల్ నిటారుగానే. ఇక మీ దోన్ ఎవారిస్తో నోరు మూసుకుని కుట్టొచ్చు.

వాన మొదలైంది కాబట్టి చీమలు రెక్కలతో బయటికొచ్చాయి. ఒక డబ్బా వేయించి ఉప్పు చల్లి తెలెస్ఫోరోతో పంపుతున్నాను. దారిలో సగం తినేస్తాడు. అందుకే డబ్బాకి బయట గీత పెట్టాను, చూసుకోండి.

ఈ మధ్య రూటుకి పక్కింటివాళ్ల కంచరగాడిదని తీసుకెళ్తున్నాను. దాని పేరు కొందెసా. బండికి పెట్రోలు రావడం కష్టంగా ఉంది, అందుకే. ఒక్కరోజు పని రెండు రోజులు పడుతోంది. పోనీలెండి, దానితో మాట్లాడితే చెవులు కదుపుతుంది. బండి ఆ మాత్రం కూడా చెయ్యదు.

బూట్లు ఎప్పటికి అవుతాయి?

అంతా బాగానే ఉంది.

ఎర్సీలియా


బుకారమాంగా,
ఏప్రిల్ 23

ఎర్సీలియా,

చీమలు నీ గీతకి రెండు వేళ్లు కిందకి దిగాయి. లారీ కుదుపులకి కిందకి సర్దుకున్నాయని తెలెస్ఫోరో అంటున్నాడు.

గీతలు అందాయి. చాలా శుభ్రంగా ఉన్నాయి. దోన్ ఎవారిస్తో వాటిని కత్తెరతో కత్తిరించి తెమ్మన్నాడు. నిన్న బల్ల దగ్గర కూర్చుని కత్తిరించాను.

ఎడమ బూటుకి వేళ్ల మీద అదనంగా ఒక తోలుముక్క వేస్తాడట. గేరు మార్చినప్పుడల్లా రాడ్‌ని ఆ వేళ్లతోనే పైకి ఎత్తాలి కదా, అక్కడే ముందు అరుగుతుందట. "ఎవడు ఎంత తిరిగాడో వాడి ఎడమ బూటు చూస్తే చాలు, లైసెన్సు అక్కర్లేదు" అన్నాడు.

అందుకని అడుగుతున్నాను. నీ ఎడమ పాదం గురించి మాకు తెలియాల్సింది ఏమైనా ఉందా? ఏదైనా సరే. కుట్టేవాడికి తెలిస్తే మంచిది.

లిహియా


పేన్యా నెగ్రా,
మే 9

వదినా,

పాదం గురించి ఏముంటుంది? అయిదు వేళ్లున్నాయి. మీకు కొలత పంపాను, రంగు మీ ఇష్టానికే వదిలేశాను. ఇంకా ఏం కావాలి, జాతకం పంపనా?

కోపంగా రాయాలని కాదు. మీరు అన్నీ తూచి తూచి చూస్తారు, మంచిదే. కానీ ఇక్కడ రోజులు అయిపోతున్నాయి. సొకోర్రో ఆఫీసులో నా కుర్చీ ఎక్కడ వెయ్యాలో కూడా చూసిపెట్టారట, ఒకావిడ నవ్వుతూ చెప్పింది. కిటికీ పక్కనేనట. కిటికీ అవతల గోడేనట.

నిన్న ఎల్ ఓయో ఇళ్లకు వెళ్లాను. మొత్తం నాలుగే ఇళ్లు. ఆఖరి ఇంటి ముసలమ్మ ఎనిమిది రోజులుగా మనవడి మొహం తప్ప ఇంకో మనిషి మొహం చూడలేదంది. టీకా వేసేది ఆ పిల్లాడికి, కానీ తనూ చెయ్యి చాచి కూర్చుంది. "నాకు కూడా ఏదో ఒకటి పొడువమ్మా, ఖాళీ సూదైనా పరవాలేదు" అంది. నవ్వి, చెయ్యి పట్టుకుని నాడి చూశాను. చూడాల్సిన అవసరం లేదు. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో చెప్పలేను.

బూట్లు త్వరగా పంపండి.

ఎర్సీలియా


బుకారమాంగా,
మే 20

ఎర్సీలియా,

అడుగుకి వెయ్యాల్సిన తోలు ఇంకా రాలేదు. వచ్చాక రాస్తాను.

లిహియా


పేన్యా నెగ్రా,
జూన్ 1

వదినా,

ఇంకా నెల రోజులే ఉన్నాయి.

మీకు ఇష్టం లేకపోతే ఒక్క మాట రాయండి. మీరు చూసిన ఆ మగవాళ్ల జతే కొనుక్కుని లోపల గుడ్డలు కుక్కుకుంటాను. మీరు మాట్లాడకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ప్రతి మంగళవారం, శుక్రవారం లారీ హారన్ వినగానే గేటు దగ్గర నిలబడుతున్నాను. తెలెస్ఫోరో దూరం నుంచే ఖాళీ చేతులు ఊపుతాడు.

ఎర్సీలియా


బుకారమాంగా,
జూన్ 5

ఎర్సీలియా,

ఈ ఉత్తరాన్ని కూర్చుని చదువు. కాలు ఏదైనా పీట మీద పెట్టుకుని చదువు.

ఏప్రిల్ 22న నీ పాదాలు కత్తిరించాను. కత్తిరించినవాటిని అలవాటుగా ఒకదాని మీద ఒకటి పెట్టాను, దిండు గలీబుల అంచులు సరిచూసినట్టు. ఎడమదాన్ని బోర్లించి కుడిదాని మీద పెట్టేసరికి ఎక్కడా దారమంత తేడా లేదు. నమ్మకం కుదరక కిటికీ అద్దానికి ఆనించి వెలుగులో చూశాను. బొటనవేలి పక్క బుడిపె మీద బుడిపె పడింది. చిటికెనవేలి దగ్గర పెన్సిల్ కాస్త జారిన చోట జారిన గీత మీద జారిన గీత పడింది. ఇరవై రెండేళ్లు మీ అన్నయ్యకి మేజోళ్లు అల్లినదాన్ని. ఎవరి రెండు పాదాలూ ఒక్కలా ఉండవు. నువ్వు కుడి పాదం ఒక్కటే గీశావు. దాన్నే తిప్పి దిద్ది ఎడమ అని రాశావు.

పెట్రోలు దొరకడం లేదన్నావు. తెలెస్ఫోరోని అడిగాను. "అమ్మా, నేను పాలు మోస్తాను, కబుర్లు మోయను" అన్నాడు. మూడో అరేపా పెట్టాను. "పెట్రోలుకేం, నా లారీ దేనితో నడుస్తోందనుకున్నారు?" అన్నాడు. టీచరమ్మ ఫ్లోరాల్బా ఎలా ఉందన్నాను. "ఏ టీచరమ్మ? బడికి డిసెంబరు నుంచి తాళమే" అన్నాడు. ఆ తర్వాత తనేం చెప్పేశాడో తెలిసి, అరేపా సగంలో వదిలేసి లేచిపోయాడు.

ఇప్పుడు నా సంగతి. తోలు రాలేదని రాశాను. అబద్ధం. కుడి బూటు మే 16కే తయారైంది. మంచి బూటు. ఆ రోజు నుంచీ నా అల్మారాలో దుప్పట్ల కింద ఉంది. ఎడమదానికి తోలు కొయ్యొద్దని నేనే చెప్పాను.

నీ కాలికి ఏదో అయిందని ఏప్రిల్‌లోనే తెలిసింది. తెలిసీ ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్నాను. జూలై ఒకటి దాటిపోతే నిన్ను బండి దింపేస్తారు, గోడ పక్క కుర్చీలోనైనా ప్రాణాలతో ఉంటావు అనుకున్నాను. నాకు మిగిలింది నువ్వొక్కదానివే అనుకున్నాను. అలా అనుకుంటూ ఆరు వారాలు గిన్నెలు తోముకున్నాను. ఆ ఆరు వారాలూ ఆ కాలు బూటులోనే ఉందో, ఏ రంగుకి తిరిగిందో నాకు తెలియదు. మీ అన్నయ్య రెండు రోజులు దాచాడు. నేను నలభై నాలుగు రోజులు దాచాను.

క్షమించమని తర్వాత అడుగుతాను. ముందు నీ ఎడమ పాదం గీసి పంపు. నిజమైనది. అంతా బాగానే ఉందని మాత్రం రాయకు.

లిహియా


పేన్యా నెగ్రా,
జూన్ 8

వదినా,

మీ ఉత్తరాన్ని చింపేద్దామనుకున్నాను. నా బూటుని దుప్పట్ల కింద దాచి, నేను గేటు దగ్గర నిలబడుతుంటే తోలు రాలేదంటారా? నా బతుకు గురించి మీ వంటింట్లో మీరొక్కరే నిర్ణయించేస్తారా? చాలా తిట్టుకున్నాను. కొందెసా దగ్గరికి వెళ్లి దాని ముందూ తిట్టాను. చెవులు కూడా కదపలేదు.

తర్వాత పీట తెచ్చుకుని కాలు పైన పెట్టుకుని మళ్లీ చదివాను.

పడింది ఫిబ్రవరి 27న. మీకు మొదటి ఉత్తరం రాసేనాటికే పడ్డాను. వాగు దాటేచోట రాయి జారింది. బండి ఎడమవైపు ఒరిగి పాదాన్ని ఫుట్‌రెస్ట్‌కీ బండకీ మధ్య నొక్కేసింది. మందుల పెట్టె ఐసు కరిగిపోతుందేమో అన్నదే ముందు తోచింది. అరిచాను. రెండుసార్లే. మూడోసారి అరవలేదు. ఎవరూ లేరని తెలిసీ అరుస్తుంటే నా గొంతు నాకే పరాయిగా వినబడింది. బూటుని కత్తితో కోసుకున్నాను. అందుకే మీరు అన్నయ్య గురించి రాసింది ఒక్కసారే చదివాను.

చర్మం తెగలేదు, వేడి లేదు, రంగు మారలేదు. నర్సుని, చూసుకుంటూనే ఉన్నాను, నమ్మండి. కానీ పాదం పైన ఎముకలు వంకరగా అతుక్కున్నాయి. నడవగలను. గేరు రాడ్ ఎత్తలేను. వేళ్లు పైకి లేవడం లేదు. బూట్లు వస్తే లోపల గట్టిగా ఉంటుంది కదా, జూలైకల్లా ఎలాగోలా ఎత్తేస్తానని అనుకున్నాను. చెబితే రూటు పోతుంది. రూటు పోతే వదినా, నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు పోతారు. నన్ను చూడగానే "ఎర్సీలియా వచ్చింది" అనేవాళ్లు ఆ ఇరవై ఏడు ఇళ్లలోనే ఉన్నారు. ఈ ఊళ్లో ఇంటికి వచ్చాక మళ్లీ పొద్దున్నే బయల్దేరేదాకా నోరు తెరవాల్సిన పనే ఉండదు.

ఎడమ పాదం గీత పెట్టాను. టీచరమ్మ గీసిందని రాసినప్పుడు సిగ్గేసింది. పెన్సిల్ పట్టమని అడగడానికి నాకిక్కడ ఒక్క మనిషీ లేరని మీకు రాయలేకపోయాను. ఇది నేనే వంగి గీశాను. గీత వణికిన చోట నొప్పేసింది. మీ దోన్ ఎవారిస్తో దీన్ని ఒప్పుకోడు.

ఎర్సీలియా


బుకారమాంగా,
జూన్ 11

ఎర్సీలియా,

ఒప్పుకోలేదు. "వణికిన గీత మీద తోలు కొయ్యను" అన్నాడు. కాగితాన్ని మాత్రం చాలాసేపు చూసి, మడిచి, తన సొరుగులో పెట్టుకున్నాడు.

శుక్రవారం తెలెస్ఫోరో లారీలో నేనే వస్తున్నాను. పాల క్యాన్ల మధ్య కూర్చోవాలట, ముందు సీట్లో అతని అత్తగారు ఉంటుందట. కుడి బూటు, తెల్ల కాగితం, రెండు పెన్సిళ్లు తెస్తున్నాను. గీసేది నేను. ఆ తర్వాత అదే లారీలో ఇద్దరం ఆసుపత్రికి వస్తాం. కాలి సంగతి ఆఫీసుకి నువ్వే రాయి, తనిఖీకి ముందే. తర్వాత తెలిస్తే రూటు ఇంకెప్పుడూ ఇవ్వరు. ముందే చెబితే ఏమో, ఇస్తారేమో.

సంచీ సర్ది ఉంచు. కొందెసాకి వీడ్కోలు చెప్పు.

లిహియా


పేన్యా నెగ్రా,
సెప్టెంబరు 24

వదినా,

నిన్న తనిఖీ అయింది. మూడు నెలలు ఆలస్యంగా, నా ఒక్కదానికే. ఇన్నాళ్లూ నా బదులు రూటు చూసుకోవడానికి వచ్చిన సొకోర్రో నర్సు ఎప్పుడు వదిలి వెళ్దామా అని గేటు దగ్గరే సంచీతో నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ నా ఎడమ బూటుని అటూ ఇటూ మెలితిప్పడానికి చూశాడు. తిరగలేదు. ఎత్తుపల్లాలుగా ఉన్న పైభాగం చూసి, "ఇదేంటి ఇలా ఉంది?" అన్నాడు.

"పాదం అలా ఉంది కాబట్టి" అన్నాను.

"ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు. మా వదిన కుట్టించింది."

"ఆవిడకి బండి నడపడం వచ్చా?"

"రాదు. పెన్సిల్ పట్టడం వచ్చు."

తర్వాత మైదానం చుట్టూ తిప్పమన్నాడు. రెండో గేరుకి మొదటిసారి ఎత్తలేకపోయాను. ఆసుపత్రిలో మళ్లీ విరిచి సరిచేశాక కూడా ఆ వేళ్లు పూర్తిగా లేవవని డాక్టర్ చెప్పింది కదా. దోన్ ఎవారిస్తో చెప్పినట్టు మడమ ఫుట్‌రెస్ట్ మీద ఆనించి బూటు మొత్తంతో ఎత్తాను. గేరు పడింది. నా చెవులకి అంత కమ్మని చప్పుడు ఇంకోటి లేదు. సంతకం పెట్టేశాడు.

ఈ రోజు ఎల్ ఓయో వెళ్లాను. ఆఖరి ఇంటి తలుపు మూసి ఉంది. ముసలమ్మ ఆగస్టులో పోయిందట, మనవణ్ణి బంధువులు తీసుకెళ్లారట. ఆ సొకోర్రో నర్సు చెప్పలేదు. ఆవిడకి ముసలమ్మ పేరు కూడా తెలియదు. అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేశాను.

ఆసుపత్రి నుంచి వచ్చి మీ ఇంట్లో రెండు నెలలు ఉన్నాక ఇక్కడ గోడలు దగ్గరికి జరిగినట్టుగా ఉంది. పొద్దున్నే మీరు అరేపాల పిండి కలుపుతూ గిన్నెని బల్లకి కొట్టే చప్పుడు కోసం లేస్తున్నాను. ఉండిపొమ్మని మీరు అనలేదు. ఉండిపోతానని నేనూ అనలేదు. ఇద్దరం ఆ మాట చుట్టూ జాగ్రత్తగా తిరిగాం, తడి నేల మీద నడిచినట్టు.

ఇందులో ఇంకో కాగితం ఉంది. చూసి కంగారుపడకండి. నేను బయల్దేరే ముందు సాయంత్రం మీరు ఇస్త్రీ చేస్తుంటే, బల్ల కింది కాళ్లపట్టా కొలుస్తున్నానని చెప్పి మీ కాళ్ల కింద పరిచింది ఇదే. మందం మేజోళ్లే, రెండు కాళ్ల మీదా బరువు సమంగానే, పెన్సిల్ నిటారుగానే. వేరే మనిషే గీసింది. దోన్ ఎవారిస్తోకి ఇవ్వండి. బండి వెనక కూర్చునేవాళ్ల పాదాలే ముందుగా పొగగొట్టానికి కాలుతాయని అక్కడున్నప్పుడు మీరే చెప్పారు.

ఎల్ ఓయోకి ఒక్కసారి వస్తారా? ఏం మాట్లాడక్కర్లేదు. అరుగు మీద కూర్చుందాం.

ఎర్సీలియా


బుకారమాంగా,
అక్టోబరు 30

ఎర్సీలియా,

నీ కాగితం వచ్చిన రోజు ఇల్లంతా పట్టా కోసం వెతికాను. మన ఇంట్లో ఇస్త్రీ బల్ల కింద పట్టా ఎప్పుడూ లేదు. నాకు అప్పుడే తట్టాల్సింది.

దోన్ ఎవారిస్తో, "ఈ పాదాలు ఎవరివి?" అన్నాడు. నావే అన్నాను. కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు. "ఎడమదానికి గేరు తోలు వెయ్యమంటారా?" అన్నాడు. వద్దన్నాను. తొందరేం లేదని కూడా అన్నాను. అయినా తొందరగానే కుట్టేశాడు.

మీ అన్నయ్య పోయాక నేను బండి ఎక్కలేదు. వస్తానని మాటివ్వను. మాటిచ్చి దుప్పట్ల కింద పెట్టే మనిషినని నీకు తెలుసు. నువ్వు వెళ్లాక అరేపాలకి పిండి ఇద్దరికి సరిపడా కలుపుతున్నాను. మిగిలింది తెలెస్ఫోరోకి పెడుతున్నాను. వారానికి రెండే రోజులు కదా వస్తాడు, మిగతా రోజుల్లో అలాగే ఉండిపోతోంది.

నా పాదాలు కూడా కత్తిరించి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. ఎడమది ఒక దారమంత పొడుగు. మడమ దగ్గర అసలు కలవలేదు. యాభై రెండేళ్లుగా నాకే తెలియదు. ఇంతవరకూ ఎవరూ గీయలేదు.

బూట్లు నిన్న వచ్చాయి. అల్మారాలో పెట్టలేదు. వీధి తలుపు పక్కన, బయటివైపు తిప్పి పెట్టాను.

లిహియా